బోరునీళ్ళ చేపలు

పొద్దున్నే లేచి ముందుగదిలో లైటు వేసేసరికి, తొట్టిలో ఉండాల్సిన పెద్ద మగచేప చెప్పుల స్టాండు పక్కన నేలకి కరుచుకుని చచ్చి పడి ఉంది.

ఆమె అరవలేదు. వంగి చేపను ముట్టుకోలేదు కూడా. ముందుగా తొట్టి మీది అద్దం మూత వంక చూసింది. మూత జానెడు మేర పక్కకి జరిగి ఉంది.

పడుకునే ముందు ఆ మూతను రెండు చేతులతో సర్దింది తనే. అంచు అంచుకు సరిపోయిందో లేదో వేలితో తడిమి చూసుకుంది కూడా. చేప ఎగిరి దూకడం వింత కాదు. మూత తీసుకుని దూకడం వింత. చేపకి చేతులుండవు.

ఈ ఇంట్లో చేతులున్నవాళ్ళు తను కాక ఇద్దరే. ఒకరు మామగారు, ఇంకొకడు మరిది.

మోకాళ్ళ మీద కూర్చుని తొట్టిలోకి చూసింది. మంచమంత పొడుగు తొట్టి అది. మామూలుగా అయితే తన నీడ పడగానే చేపలన్నీ అద్దం దగ్గరికి తోసుకుంటూ వస్తాయి. ఇప్పుడు ఒక్కటీ రాలేదు. అన్నీ పై మూలకి చేరి, నీటి అంచున నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. బూడిదరంగు ఒంటి మీద రెక్క అంచున నీలంగా మెరిసే గీత ఒకటి వాటికి అందం. ఆమె భర్త వాటిని 'గీతలు' అని పిలిచింది ఆ గీతను చూసే. ఆ గీత ఇప్పుడు ఒక్కదానికీ లేదు. తడిసిన కాగితం మీది సిరాలా వెలిసిపోయింది.

ఒక్క ఆడచేప మాత్రం అడుగున రాయి చాటున నక్కి ఉంది. దాని గొంతు ఉబ్బి ఉంది. ఆ జాతి తల్లులు తమ పిల్లల్ని, ఈదడం నేర్చేదాకా, నోట్లోనే మోస్తాయి. ఆ ఉబ్బు తగ్గకపోవడం చూసి ఆమె గుండె కాస్త కుదుటపడింది.

వ్యాను రేపు వస్తుంది.

నగరంలో కొత్తగా కట్టిన పెద్ద అక్వేరియం నుంచి ఒక డాక్టరమ్మ క్రితం నెల ఈ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఇదే గదిలో నిలబడి, చెప్పులు విప్పడం కూడా మరచిపోయి, "ఈ చేప పుట్టిన సరస్సులో ఇప్పుడు ఒక్కటీ లేదండీ. పెంచుకున్నవాళ్ళ దగ్గరా పోయాయి. నాకు తెలిసి భూమ్మీద ఇవి మిగిలింది మీ ముందుగదిలోనే," అంది. గోడంత తొట్టి కడతామంది. దాని కింద బోర్డు మీద వీటిని కాపాడిన మనిషి పేరు రాయిస్తామంది.

ఆ మాటే ఆమెకి కావలసింది. కిడ్నీలు చెడి భర్త పోయి ఏడాది దాటింది. అప్పటినుంచి ఆయన పేరు ఒక్కోచోట కొట్టేస్తూనే ఉన్నారు. ఆఫీసువాళ్ళు కొట్టేశారు, ఫోను కంపెనీవాళ్ళు కొట్టేశారు, కరెంటు బిల్లు మీదా మార్చేశారు. ప్రతిచోటా తనే సంతకం పెట్టింది. కొత్తగా ఆయన పేరు రాస్తామన్నది ఈ ఒక్క చోటే.

"ఏంటి వదినా, పొద్దున్నే తొట్టికి దణ్ణం పెడుతున్నావ్?" నోట్లో బ్రష్షుతో మరిది వచ్చాడు.

"మూత ఎవరు తీశారు?"

"ఏ మూత?"

ఆమె వేలితో నేల మీదికి చూపించింది. మరిది బ్రష్షు తీసి చేత్తో పట్టుకున్నాడు. "అయ్యో, పెద్దాయనా? నిన్న రాత్రి కూడా నన్ను గుర్రుగా చూశాడే!"

"నవ్వులాటలు వద్దు. నువ్వు ముట్టుకున్నావా లేదా?"

"నాకు ఫోన్లు విప్పడం తప్ప ఇంకేమీ విప్పడం రాదు వదినా."

వెనక కుర్చీలో నుంచి మామగారు తల ఎత్తాడు. జీవితమంతా బస్సు నడిపిన మనిషి. రిటైరై ఇన్నేళ్ళయినా మొదటి బస్సు వేళకే మెలకువ వచ్చేస్తుంది. వీధిలో పిల్లలు ఆయన్ని గేరు తాతయ్య అంటారు, లేచేటప్పుడు ఆయన కుడిచెయ్యి గాల్లో గేరు మార్చినట్టు ఆడుతుందని.

"పోయిందా అమ్మా?" అన్నాడు.

"పోయింది మామయ్యా."

"అదేంటి, నీళ్ళు బాగానే ఉన్నాయే," అని ఆయన గొణిగి మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు.

నీళ్ళు. ఆమె లేచి అల్మరాలోంచి నీళ్ళు పులిశాయో లేదో తేల్చే పరీక్ష చుక్కల సీసా తీసింది. మగ్గుతో తొట్టి నీళ్ళు ముంచి, కొంచెం చిన్న గాజు గొట్టంలో పోసి, చుక్కలు వేసి ఊపింది. ఇన్నేళ్ళలో ఆ గొట్టం ఎప్పుడు ఊపినా ముదురు నీలమే వచ్చింది. ఆమె ధీమా కూడా అదే. హోటల్ లాండ్రీ ట్రైనింగుకి ఊరెళ్ళొచ్చి డ్యూటీలు పెరిగాక, ఎప్పుడూ ఒకటే రంగు వచ్చేదానికి రోజూ చూడటం ఎందుకని మానేసింది.

ఇవాళ గొట్టంలో నిమ్మతొక్క పసుపు వచ్చింది.

చుక్కలు పాతబడ్డాయేమో అనుకుంది. కుళాయి నీళ్ళు పట్టి వేసి చూసింది. నీలం. మళ్ళీ తొట్టి నీళ్ళు. పసుపు.

చేతులకి చేపకంపు కొడుతుంటే సబ్బు తీసుకుని, మగ్గులో మిగిలిన తొట్టి నీళ్ళతోనే కడుక్కుంది. అరచేతిలో నురగ లేచింది. తెల్లగా, గుల్లగా, వేళ్ళ సందుల్లోంచి పొంగి సింకులో పడింది.

కుళాయి తిప్పబోయిన ఆమె చెయ్యి అలాగే ఆగిపోయింది.

ఆ వీధిలో బోరునీళ్ళని తిట్టుకోని ఇల్లు లేదు. కుళాయిలకి తెల్లగా పక్కు కడుతుంది. బక్కెట్లకి గీకినా పోని చారలు పడతాయి. తలస్నానం చేస్తే జుట్టు పీచవుతుంది. సబ్బు నురగ మాత్రం చచ్చినా రాదు, విరిగిన పాలలా చేతికి అంటుకుంటుంది. ఉప్పునీళ్ళు అంటారు అందరూ. ఆమె భర్త ఒక్కడే ఆ నీళ్ళని మెచ్చుకునేవాడు. ఆ దూరపు సరస్సు నీళ్ళు కూడా ఇలాగే సున్నపుదనం నిండినవట. "మనుషులకి పనికిరాని నీళ్ళు నా గీతలకి అమృతమే," అని వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. ఆ సున్నపుదనం ఉన్నంతకాలం నీళ్ళు పులవవు. అది పోతే, చేపల మలినానికి నీళ్ళు రోజురోజుకీ పులుస్తాయి.

నురగ రావడమంటే ఏమిటో లాండ్రీలో పనిచేసేదానికి ఒకరు చెప్పక్కర్లేదు. తొట్టిలో ఉన్నవి బోరునీళ్ళు కావు. ఈ ఇంట్లో నురగొచ్చే నీళ్ళు దొరికేది ఒక్కచోటే, వంటింట్లో తాగేనీళ్ళ ఫిల్టరు మిషను దగ్గర. ఎవరో పాతనీళ్ళు తోడేస్తూ, ఆ నీళ్ళు పోస్తున్నారు. ఒక్కరోజు పోస్తే ఇంత మార్పు రాదు. పూనుకుని, వదలకుండా పోస్తున్నారు.

తడిచేతులతోనే మరిది గదిలోకి వెళ్ళింది.

"ముందుగదిలో రిపేరు షాపు పెట్టుకుంటానని ఎన్నాళ్ళనుంచి అడుగుతున్నావ్?"

మరిది చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఆగాడు. "ఏం, ఇస్తున్నావా?"

"అందుకని నా చేపల్ని చంపుతావా?"

అతని ముఖంలో నవ్వు ఆరిపోయింది. "వదినా, కొంచెం బుర్ర పెట్టి మాట్లాడు. రేపు వ్యాను వచ్చి ఎలాగూ తీసుకెళ్తోంది కదా? రేపటినుంచి ఆ గది నాదేనని నువ్వే అన్నావు. ఒక్కరోజు ఓపిక పట్టలేని వెధవనా నేను?"

అయినా ఆమె కోపం తగ్గలేదు. "మరి ఫిల్టరు నీళ్ళు రోజూ పొద్దున్నకల్లా ఎలా అయిపోతున్నాయి?"

"నన్నడుగుతావేం? దాహం వేస్తే నేను టీ కొట్టుకి పోయి తాగొస్తున్నాను. ఆ మిషను ముందు నిలబడితే చుక్క చుక్క పడి నా గడ్డం పెరుగుతోంది."

అప్పుడే ఫోను మోగింది. డాక్టరమ్మ.

"ఏమండీ, చిన్న మార్పు. రేపు వ్యాను వేరేచోటికి కావాలట. ఇవాళ మధ్యాహ్నమే వచ్చేస్తాం. మా తొట్టిలో నీళ్ళు మీవాటికి సరిగ్గా జత చేసి ఉంచాం. మీ నీళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి కదా?"

ఆమె గోడకి ఆనుకుంది. "తేడా ఉంటే?"

"తేడా ఉంటే తీసుకెళ్ళి అందులో వెయ్యలేం. వాటికి దెబ్బ తగులుతుంది. వాయిదా వెయ్యాలి. కానీ వాయిదా పడితే ఆ తొట్టి వేరే విభాగంవాళ్ళు అడుగుతున్నారండీ, నేను ఆపలేను. తేడా ఏమైనా ఉందా?"

"లేదండీ," అంది ఆమె. "ఎప్పటిలాగే ఉన్నాయి."

ఫోను పెట్టేసి వెంటనే షార్కుకి చేసింది. అతను ఆమె భర్త స్నేహితుడు, పెంపుడు చేపల దుకాణం నడుపుతాడు. ఎత్తుపళ్ళ వల్ల చిన్నప్పుడే ఆ పేరు పడింది. తనూ దాన్నే దుకాణం బోర్డు మీద వేయించుకున్నాడు. ఫోను మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఎత్తలేదు.

ముందుగదిలో ఇంకొక చేప పక్కకి ఒరిగింది.

ఇక ఆలోచించడానికి ఆమెకి టైము లేదు. భర్త ఎప్పుడూ చెప్పే మాట ఒకటే గుర్తొచ్చింది, నీళ్ళలో తేడా వస్తే నీళ్ళు మార్చెయ్యమని. పెరటి కుళాయికి పైపు తగిలించి, కిటికీలోంచి లాక్కొచ్చి తొట్టిలో వేసింది. ఇంకో గొట్టంతో పాతనీళ్ళు బయటికి వదిలింది. బోరునీళ్ళు ధారగా, చల్లగా, బుడగలు రేపుతూ దిగాయి.

మామగారు గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "అన్ని పోస్తున్నావేంటమ్మా?"

"మీరు తప్పుకోండి మామయ్యా, కాలికి తడి అవుతుంది."

కొంచెంసేపటికి గాజు గొట్టంలో చుక్కలు వేసి చూసింది. పసుపు పోయి పచ్చ. ఇంకొంచెంసేపటికి పచ్చ పోయి నీలం.

చేపలు కదిలాయి. ఒకటి, తర్వాత ఇంకొకటి, పై మూల వదిలి కిందికి దిగాయి. రెక్కలు విప్పాయి. ఒకదాని రెక్క అంచున నీలం గీత సన్నగా వెలిగింది. ఆమె నేల మీద చతికిలబడి, చీర కుచ్చిళ్ళు తడిసినా చూసుకోకుండా, ఏడుస్తూ నవ్వింది.

"ఇటు రా!" అని మరిదిని పిలిచింది. "చూడు, చూడు, గీత వచ్చింది!"

మరిది అలక మరచి పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చూశారు.

అతనే ముందు గమనించాడు. "వదినా, అది అలా తిరుగుతోందేం?"

గీత వెలిగిన చేప బొంగరంలా తన చుట్టూ తను తిరుగుతోంది. తిరిగి తిరిగి అద్దానికి కొట్టుకుని, కడుపు పైకి వేసి అడుక్కి జారిపోయింది. దాని వెనకే ఇంకొకటి. తర్వాత ఒకేసారి చాలా. మొప్పలు ఎర్రబడి విప్పుకున్నాయి. ఇసుక మీద పడి కొట్టుకున్నవి కొట్టుకున్నట్టే ఆగిపోయాయి. ఆమె పెరట్లోకి పరుగెత్తి కుళాయి ఇంకా ఎక్కువ తిప్పింది. తిప్పేకొద్దీ పడిపోయాయి.

రాయి చాటు ఆడచేప బయటికి వచ్చింది. నోరు తెరిచి, పిల్లల్ని పొగమబ్బులా వదిలేసింది. అవి ఈదలేదు. నీటిధార ఎటు తోస్తే అటు వెళ్ళి, తొట్టి ఫిల్టరు జల్లెడకి అతుక్కున్నాయి.

అప్పుడు మోగింది ఫోను. షార్కు.

"చెల్లెమ్మా, స్నానంలో ఉన్నా. ఇన్నిసార్లు చేశావేం?"

ఆమె చెప్పింది. పసుపు రంగు, నురగ, మూత, అన్నీ చెప్పింది. అవతలివైపు అతను వింటూ, "సరే, సరే," అన్నాడు. "నీళ్ళు మాత్రం మార్చకు. నేను వచ్చేదాకా పైపు ముట్టుకోకు. విన్నావా?"

ఆమె తొట్టిలోకి ఇంకా నీళ్ళు పోస్తున్న పైపు వంక చూసింది.

"చెల్లెమ్మా? నీళ్ళు పులిస్తే ఫిల్టరులో మలినాన్ని తినే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. మలినం అలాగే పేరుకుంటుంది. అది విషమే, కానీ పులుపులో ఉన్నంతసేపూ దానికి కోరలుండవు. పడుకున్న పాము అనుకో. నువ్వు గబుక్కున పులుపు విరిచావంటే లేచి కూచుంటుంది. కొంచెం కొంచెంగా, రోజుల తరబడి విరవాలి. ఎంత పోశావు?"

"నీలం వచ్చేదాకా," అంది ఆమె.

"నేను రావడం దండగేలే," అని అతను పెట్టేశాడు.

మధ్యాహ్నం వ్యాను వచ్చింది. డాక్టరమ్మ మూతలున్న తెల్లటి పెట్టెలు మోయించుకుని లోపలికి వచ్చి, గదిని చూసి, మోసేవాళ్ళని గుమ్మంలోనే ఆగమని చెయ్యెత్తింది. తొట్టి నాలుగువైపులా వంగి చూసింది. రాళ్ళు ఎత్తి చూసింది. జల్లెడని వేలితో తుడిచి, ఆ వేలిని వెలుతురులో పెట్టి చూసుకుంది.

"ఎప్పటిలాగే ఉన్నాయన్నారు," అంది మెల్లగా.

"అన్నాను."

డాక్టరమ్మ ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండుననిపించింది ఆమెకి. తిట్టినా బాగుండేది.

"రెంటిని పాడవకుండా ఉంచే మందు సీసాలో వేసి తీసుకెళ్తాను. ఇలాంటివి ఉండేవని ముందు ముందు చూపించుకోవడానికి."

"బోర్డు ఉంటుందాండీ?"

"సీసాలు లోపలి గదిలో పెడతామండీ," అంది డాక్టరమ్మ. ఆమె ముఖం వైపు చూడలేక, సీసా బిరడా వైపు చూస్తూ. "అక్కడికి జనం రారు."

వ్యాను వెళ్ళిపోయింది. ఖాళీ పెట్టెలు ఒకదానికొకటి తగులుతూ వీధి మలుపు దాకా చప్పుడు చేశాయి.

పొద్దు వాలుతుండగా ఆమె జల్లిగరిటె పట్టుకుని చేపల్ని తీయడం మొదలుపెట్టింది. తీస్తున్నకొద్దీ చెయ్యి బరువెక్కింది. కుళాయి తిప్పింది తనే. అబద్ధమాడింది తనే. ఇవి తన చేతిలో పోయాయి. ఆ సంగతి పక్కకి తోసెయ్యడానికి ఆమెకి ఇంకొక చెయ్యి కావాలి. అందుబాటులో ఉన్నది మరిది చెయ్యే.

"సంతోషమేనా?" అంది, అతను గదిలోకి అడుగుపెట్టగానే. "టేబులు తెచ్చి వేసుకో. కుర్చీ వేసుకో. మీ అన్నయ్య పేరు ఉండాల్సిన చోట నీ షాపు పేరు రాయించుకో."

"వదినా, నేను కాదని పొద్దున్నే చెప్పాను."

"ఈ ఇంట్లో ఇంకెవరున్నారు పొయ్యడానికి? దెయ్యాలా?"

"అన్నయ్య ఉంటే నన్నీ మాట అననిచ్చేవాడా?"

"మీ అన్నయ్య ఉంటే ఇంకా చాలా జరిగేవి కావు!"

మరిది లోపలికి వెళ్ళి బ్యాగు తెచ్చుకున్నాడు. చార్జర్లు, స్క్రూడ్రైవర్లు, చొక్కాలు అన్నీ కలిపి కుక్కడం మొదలుపెట్టాడు. ఆపమని ఆమె అనలేదు. అతను చెప్పుల స్టాండు దగ్గర కాళ్ళకి చెప్పులు తగిలించుకుంటున్నాడు.

మామగారు కుర్చీలోంచి లేచాడు. కుడిచెయ్యి గాల్లో ఆడింది. గోడ పట్టుకుంటూ వచ్చి, చిన్నకొడుకు చేతిలోని బ్యాగు లాగి నేల మీద పెట్టాడు. కోడలి వైపు తిరిగాడు.

"వాణ్ణి ఏమీ అనకమ్మా. నేనే పోశాను. నువ్వు ట్రైనింగని ఊరెళ్ళావు చూడు, అప్పుడు ఫోన్లో అన్నావు కదా, మామయ్యా, తొట్టి తగ్గితే కాస్త మంచినీళ్ళు పోయండీ అని. శుభ్రమైన నీళ్ళని నీ ఉద్దేశం కాబోలు. నాకు మంచినీళ్ళంటే తాగే నీళ్ళేనమ్మా. మిషను దగ్గర పట్టి పోశాను. నువ్వొచ్చాక మానేద్దామనే అనుకున్నా. మానలేకపోయా. తెల్లారుతూనే లేచేవాణ్ణి, ఇంత ఉప్పునీళ్ళు ముంచి పారబోసేవాణ్ణి, ఇంత మంచినీళ్ళు పోసేవాణ్ణి. అవి అలా నోరు తెరుస్తాయి, మూస్తాయి, తెరుస్తాయి. చూస్తూ ఎలా ఊరుకోను? ఆసుపత్రిలో పెద్దవాడూ అంతే కదా. రోజుకి ఇన్నే నీళ్ళని డాక్టరు గ్లాసు మీద గీత గీశాడు. ఆ గ్లాసు నా చేతికిచ్చి నువ్వు డ్యూటీకి వెళ్ళేదానివి. నాన్నా, మంచినీళ్ళు అనేవాడు. ఇంకొక్క గుక్క నాన్నా అనేవాడు. నేను ఇవ్వలేదు. బస్సు నడిపినవాణ్ణి, రూలంటే రూలే నాకు. దూది తడిపి పెదాలకి రాసేవాణ్ణి, అది చీకేవాడు. పోయిన రోజు కూడా దూదే. తొట్టిలో ఎంత పోసినా వద్దనేవాళ్ళు లేరమ్మా. కడుపు నిండేదాకా పోసేవాణ్ణి, అప్పుడు కాస్త నిద్ర పట్టేది. ఇవాళ చెయ్యి వణికి మూత సరిగ్గా వెయ్యలేదు, ఆ పెద్దది నా వల్లే పోయింది. మిగతావీ నీళ్ళు పోసినవాడి వల్లే అంటున్నావు, సరే, నావల్లే. కానీ నేను పోసినన్నాళ్ళూ తాగుతూనే ఉన్నాయి కదమ్మా? వాడికీ పోసి ఉంటే ఏమయ్యేది? పోయేవాడు. ఎలాగూ పోయేవాడే. దాహం తీరి పోయేవాడు."